క్రోమోసోముల లెక్క తప్పించిన సూక్ష్మజీవి

మనిషి దేహకణంలో 46 క్రోమోసోములు ఉంటాయని నేడు హైస్కూలు విద్యార్థి కూడా చెబుతాడు. ఈ లెక్క ఎలా తెలిసింది? కణం విభజన చెందే కొద్దిసేపు మాత్రమే క్రోమోసోములు విడివిడిగా కనిపిస్తాయి. అందువల్ల శరీరం నుంచి కొన్ని కణాలను తీసి, పాత్రలో పెంచి, అవి విభజన చెందుతుండగా పట్టుకొని చూడాలి. అంటే సాధారణంగా మనం సూక్ష్మదర్శినిలో చూసేవి పాత్రలో పెరిగిన కణాల క్రోమోసోములు. శరీరంలోనూ అవి అలాగే ఉంటాయని నమ్మి ముందుకు పోతాం. ఈ నమ్మకం చాలా సందర్భాలలో సరైనదే. కాని అదే పాత్రలో కణాలతోపాటు మరొక జీవి రహస్యంగా పెరుగుతూ ఉంటే? అది విరిచిన క్రోమోసోమును చూసి, ఆ లోపం రోగిదేనని పొరబడితే? 1960లలో పెక్కు ప్రయోగశాలలను కలవరపెట్టిన ప్రశ్న ఇది. దాని చరిత్రను తెలుసుకుందాం.

గాజుపాత్రలో కణాలు

శరీరం వెలుపల కణాలను పెంచవచ్చునని 1907లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాస్ హారిసన్ చూపాడు. కప్ప పిండం నుంచి తీసిన నాడీకణజాలాన్ని శోషరసపు చుక్కలో ఉంచి, అందులోంచి నాడీతంతువు పెరగడాన్ని ఆయన కళ్లారా చూశాడు. తరువాత న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో అలెక్సిస్ కారెల్ ఈ పద్ధతిని పెద్ద ఎత్తున చేపట్టాడు. కారెల్ స్వతహాగా శస్త్రవైద్యుడు. ఆపరేషన్ గదిలో పాటించే శుభ్రత అంతా కణవర్ధనానికీ పాటించాడు.

అంత జాగ్రత్త ఎందుకు? కణాలకు మనం ఇచ్చే ఆహారంలో చక్కెర, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, లవణాలు, సీరం ఉంటాయి. ఈ పోషకద్రవాన్నే యానకం అంటారు. ఇది బాక్టీరియాకు కూడా విందుభోజనమే. మనిషి కణం రెండుగా కావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. కొన్ని బాక్టీరియాలకు అరగంట చాలు. ఒక్క బాక్టీరియా పాత్రలో పడినా మర్నాటికి లక్షలు, కోట్లు అవుతాయి. యానకం మజ్జిగ తేటలా మసకబారుతుంది, ఆమ్లం పెరిగి దాని ఎరుపు రంగు పసుపుగా మారుతుంది. కణాలు చనిపోతాయి. పరిశోధకుడు పాత్రను పారేసి మళ్లీ మొదటి నుంచి ప్రారంభిస్తాడు. ఇందులో శ్రమ నష్టం, కాలం నష్టం ఉన్నాయి. కాని మోసం లేదు. చెడిపోయిందని కంటికి కనిపిస్తూనే ఉంటుంది.

పెన్సిలిన్ ఇచ్చిన ధైర్యం

1940లలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ వచ్చాయి. యానకంలో వీటిని కొద్దిగా కలిపితే చాలు, సాధారణ బాక్టీరియా పెరగవు. కారెల్ నాటి కఠిన నియమాలు లేకుండానే ఎవరైనా కణాలను పెంచగల రోజులు వచ్చాయి. 1951లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో జార్జ్ గే హెన్రియెటా లాక్స్ అనే రోగి కణితి నుంచి హీలా కణాలను పెంచాడు. అవి ఎన్నో దేశాల ప్రయోగశాలలకు చేరాయి. కణవర్ధనం సామాన్య విద్య అయింది.

క్రోమోసోముల అధ్యయనం కూడా ఈ బాటలోనే సాగింది. 1923లో పెయింటర్ చెప్పిన 48 అనే సంఖ్యనే చాలాకాలం అందరూ నమ్మారు. 1952లో టి.సి. షూ లవణాల గాఢత తక్కువైన ద్రావణంలో కణాలను ఉంచితే అవి ఉబ్బి క్రోమోసోములు విడివడతాయని గుర్తించాడు. ద్రావణం తయారీలో జరిగిన పొరపాటే ఈ మేలు చేసింది! స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ పిండపు ఊపిరితిత్తి కణాలను వర్ధనం చేసి, అసలు సంఖ్య 46 అని 1956లో ప్రకటించారు. 1959లో పారిస్‌లో లెజ్యూన్, గోతియే, ట్యుర్పాఁ డౌన్ సిండ్రోమ్ పిల్లలలో 47 క్రోమోసోములు ఉంటాయని చూపారు. ఆ కణాలను పెంచిన మార్త్ గోతియే యానకంలో వాడే సీరం కోసం తన రక్తాన్నే తీసుకొంది. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఒక రకం రక్తకాన్సర్‌లో కురచగా మారిన క్రోమోసోమును కనుగొన్నారు.

ఈ అయిదారేళ్లలో ఒక కొత్త వైద్యశాస్త్రమే పుట్టింది. క్రోమోసోము తెగినా, అతుక్కున్నా, ఒకటి ఎక్కువైనా, తక్కువైనా దానికి అర్థం వెదకడం మొదలైంది. అయితే ఈ శాస్త్రమంతా నిలబడిన పునాది కణవర్ధనం. ఆ పునాదిలోనే చెద ఉందని అప్పటికింకా ఎక్కువమందికి తెలియదు.

గోడలేని బాక్టీరియా

1898లో ఫ్రాన్సులో నొకార్, రూ, వారి సహచరులు పశువుల ఊపిరితిత్తులకు వచ్చే ఒక అంటువ్యాధి కారకాన్ని మొదటిసారిగా వర్ధనం చేశారు. అది బాక్టీరియాను ఆపే వడపోత పాత్రల గుండా కూడా జారిపోయేది. దానిని పోలిన జీవులు తరువాత మరికొన్ని దొరికాయి. వీటికి మైకోప్లాస్మా అనే పేరు స్థిరపడింది. ఇవి వైరస్‌లా, వేరే బాక్టీరియా రూపాంతరాలా అని దశాబ్దాలపాటు వాదోపవాదాలు నడిచాయి. ఇవి నిజమైన బాక్టీరియాయే అని, కణకవచాన్ని కోల్పోయిన శాఖ అని నేడు మనకు తెలుసు.

కణకవచం లేకపోవడమే వీటి బలం. పెన్సిలిన్ పనిచేసేది బాక్టీరియా కవచ నిర్మాణాన్ని అడ్డుకొని. కట్టే గోడే లేనప్పుడు పెన్సిలిన్ దేనిని అడ్డుకొంటుంది? పైగా కవచం లేనందున ఇవి మెత్తగా, సాగే గుణంతో ఉంటాయి. వాటి పరిమాణం మైక్రోమీటరులో మూడోవంతు వరకు తగ్గగలదు. అందుచేత 0.45 మైక్రోమీటర్ల రంధ్రాలున్న వడపోత పొరలోంచి సులభంగా, 0.22 మైక్రోమీటర్ల పొరలోంచి కొంతవరకు దూరిపోతాయి. మిల్లీలీటరుకు కోటి నుంచి పదికోట్ల వరకు పెరిగినా యానకం మసకబారదు. కణాలు చనిపోకుండా, పైకి ఆరోగ్యంగానే ఉన్నట్లు కనిపిస్తూ నెలల తరబడి పెరుగుతాయి. సాధారణ సూక్ష్మదర్శినిలో చూసినా ఏమీ తెలియదు.

1956లో జాన్స్ హాప్కిన్స్‌లో రాబిన్సన్, విషెల్‌హౌసెన్, రోయిజ్‌మన్ ఈ జీవులను కావాలని హీలా కణాలకు ఎక్కించి ఫలితం చూడాలనుకొన్నారు. తీరా చూస్తే, పోల్చిచూడటానికి విడిగా ఉంచిన కణాలలో కూడా అవి అప్పటికే కాపురం ఉన్నాయి! ఆ తరువాత ఏ ప్రయోగశాలలో వెదికినా ఇవి కనబడసాగాయి. అమెరికాలో మైకేల్ బెరైల్ జరిపిన పరిశీలనలో ఒక వింత విషయం తేలింది. ఎల్లప్పుడూ యాంటీబయాటిక్‌లతో పెంచిన వర్ధనాలలో నూటికి డెబ్బైకి పైగా మైకోప్లాస్మా ఉంది. యాంటీబయాటిక్ లేకుండా పెంచినవాటిలో నూటికి పదికంటె తక్కువ. కారణం ఊహించవచ్చు. మందు ఉన్నదన్న ధీమాతో చేతిలో శుభ్రత తగ్గుతుంది. ఆ శుభ్రతాలోపాన్ని బయటపెట్టే సాధారణ బాక్టీరియాను మందు అణచివేస్తుంది. అణగనిది మాత్రం చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది.

1965: క్రోమోసోములు విరుగుతున్నాయి

ఈ అతిథి ఊరకే ఉండిపోతే చిక్కులేదు. 1965లో రెండు పరిశోధనలు ఆ ఆశను వమ్ము చేశాయి. అమెరికాలో యోర్గెన్ ఫో, హెచ్. ఫో మైకోప్లాస్మా సోకిన మనిషి ఉల్బపొర కణాలలో క్రోమోసోముల మార్పులను వర్ణించారు. బ్రిటన్‌లో పేటన్, జేకబ్స్, పెర్కిన్స్ 46 క్రోమోసోములున్న మామూలు మానవకణాలకు మైకోప్లాస్మా సోకితే ఏమవుతుందో పరిశీలించి, అక్కడా క్రోమోసోములు మార్పు చెందుతున్నాయని 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

ఈ రెండవ పరిశోధన వెనుక ఒక ప్రజారోగ్య సమస్య ఉంది. వైరస్ టీకాలను తయారుచేయాలంటే వైరస్‌ను పెంచడానికి జీవకణాలు కావాలి. లియొనార్డ్ హేఫ్లిక్ ఫిలడెల్ఫియాలో పెంచిన డబ్ల్యుఐ-38 వంటి మానవకణాలను ఇందుకు వాడవచ్చా అన్న చర్చ ఆ రోజులలో జోరుగా సాగుతోంది. అవి కాన్సర్ కణాలుగా మారడం లేదనడానికి చూపే ముఖ్యమైన సాక్ష్యం వాటి 46 క్రోమోసోములు చెక్కుచెదరకుండా ఉండటమే. ఆ సాక్ష్యాన్నే మైకోప్లాస్మా తారుమారు చేయగలిగితే, మంచి కణాలను చెడ్డవని పారేసే ప్రమాదం ఉంది. టీకాలోకి ఆ సూక్ష్మజీవి ప్రవేశించే ప్రమాదం అంతకంటె పెద్దది. కాబట్టి టీకాకు వాడే కణాలకు మైకోప్లాస్మా పరీక్ష తప్పనిసరి అయింది. ఆ పరిశోధకులలో ఒకరైన జేకబ్స్ 1966లో ఎంఆర్‌సి-5 అనే కణశ్రేణిని నెలకొల్పాడు. కొన్ని టీకాల తయారీలో అది నేటికీ వాడుకలో ఉంది.

1967లో ఔలా, నికోల్స్ రక్తపు తెల్లకణాల వర్ధనాలలో మైకోప్లాస్మా క్రోమోసోములపై చూపే ప్రభావాలను వివరించారు. తరువాత స్టాన్‌బ్రిడ్జ్, హేఫ్లిక్ తదితరులు డబ్ల్యుఐ-38 కణాలలో 1969లో ఇటువంటి పరిశీలనే చేశారు. మొత్తంమీద కనిపించిన మార్పులు ఇవి: క్రోమోసోములలో ఖాళీలు, తెగిన ముక్కలు, తెగిన చివరలు తప్పుగా అతుక్కోవడం, సంఖ్య పెరగడం లేదా తగ్గడం. వీటితోపాటు కణవిభజన రేటే తగ్గిపోవడం. అన్ని మైకోప్లాస్మా జాతులూ ఒకేలా పనిచేయవు. జాతిని బట్టి, కణాన్ని బట్టి, సోకిన కాలాన్ని బట్టి హాని మారుతుంది.

ఎందుకు విరుగుతాయి?

మైకోప్లాస్మా తన చేతితో క్రోమోసోమును విరుస్తుందని అనుకోనక్కరలేదు. ముఖ్యమైన కారణం ఆకలి. దీనికి కీలకం ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం. చాలా మైకోప్లాస్మా జాతులు ఆర్జినిన్‌ను విడగొట్టి శక్తిని పొందుతాయని 1963లో షిమ్కె, బెరైల్ చూపారు. పాత్రలోని ఆర్జినిన్‌ను ఇవి త్వరగా ఖాళీ చేస్తాయి. వర్ధనంలోని మానవకణాలు తమకు కావలసినంత ఆర్జినిన్‌ను తయారుచేసుకోలేవు. డి.ఎన్.ఏ. చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్లలో ఆర్జినిన్ పాలు ఎక్కువ. డి.ఎన్.ఏ. రెట్టింపయ్యే ప్రతిసారీ కొత్త హిస్టోన్లు కావాలి. సరుకు అందకపోతే పని మధ్యలో ఆగుతుంది. సగం పనితో విభజనలోకి దిగిన క్రోమోసోము తెగడం సహజమే.

ఈ వివరణకు మరొక వైపు నుంచి బలం చేకూరింది. మైకోప్లాస్మా ప్రసక్తి లేకుండా, యానకం నుంచి ఒక్క అవసరమైన అమైనో ఆమ్లాన్ని తీసివేసినా క్రోమోసోములలో లోపాలు కనిపిస్తాయని 1969లో ఫ్రీడ్, షాట్జ్ చూపారు. ఇంకొక కారణం కూడా ఉంది. మైకోప్లాస్మాకు సొంతంగా న్యూక్లియోటైడ్లు తయారుచేసుకొనే శక్తి తక్కువ. అందుకని అవి డి.ఎన్.ఏ.ను, ఆర్.ఎన్.ఏ.ను ముక్కలు చేసే ఎంజైములను విడుదల చేస్తాయి. యానకంలోని థైమిడిన్‌ను విడగొడతాయి. రేడియోధార్మిక థైమిడిన్‌తో క్రోమోసోముల రెట్టింపును కొలిచే పరిశోధకునికి ఇది మరొక తలనొప్పి. ఆయన కేంద్రకం కోసం పెట్టిన థైమిడిన్ కేంద్రకానికి చేరదు.

రోగానికి కారణమా, పాత్రలోని కల్తీయా?

ఈ పరిశోధనలు ఒక ఆకర్షణీయమైన ఊహకు దారితీశాయి. పాత్రలో క్రోమోసోములను మార్చే జీవి శరీరంలో కూడా ఆ పని చేస్తుందేమో! 1960ల మధ్యలో రక్తకాన్సర్ రోగుల ఎముకమజ్జ నుంచి మైకోప్లాస్మాలను వేరుచేసినట్లు నివేదికలు వచ్చాయి. కొడవలి కణ వ్యాధి జన్యువుకూ మలేరియాకూ సంబంధం చూపి పేరుపొందిన ఆంథొనీ అల్లిసన్, పేటన్‌తో కలిసి 1966లో 'లాన్సెట్' పత్రికలో మరొక ప్రశ్న లేవనెత్తాడు. డౌన్ సిండ్రోమ్‌కు మైకోప్లాస్మా కారణం కావచ్చునా అన్నది ఆ ప్రశ్న.

ప్రశ్న అడగడంలో తప్పులేదు. కాలం ఇచ్చిన జవాబు మాత్రం వేరు. డౌన్ సిండ్రోమ్‌లో అదనపు 21వ క్రోమోసోము చాలావరకు తల్లి అండం ఏర్పడేటప్పుడు జత విడిపోకపోవడం వల్ల వస్తుందని, తల్లి వయస్సుతో ఆ అవకాశం పెరుగుతుందని స్థిరపడింది. రక్తకాన్సర్‌కు మైకోప్లాస్మా కారణమన్న వాదమూ నిలవలేదు. ఈ ఘట్టం నుంచి విద్యార్థులు గ్రహించవలసిన నీతి ఒకటుంది. రోగి కణాలలో ఒక సూక్ష్మజీవి కనబడితే అది రోగి నుంచి వచ్చిందా, పాత్రలోకి తరువాత చేరిందా అని ముందుగా తేల్చుకోవాలి. వైరస్‌లు, రసాయనాలు, కిరణాలు క్రోమోసోములను విరుస్తాయా అని పరీక్షించే ప్రతి ప్రయోగానికీ ఇదే నియమం వర్తిస్తుంది.

ఉమ్మనీటి పరీక్షలో ముప్పు

1966లో స్టీల్, బ్రెగ్ గర్భంలోని ఉమ్మనీటి నుంచి తీసిన కణాలను వర్ధనం చేసి క్రోమోసోములను చూడవచ్చునని చూపారు. పుట్టబోయే శిశువుకు క్రోమోసోమ్ లోపం ఉన్నదీ లేనిదీ ముందే చెప్పే మార్గం ఏర్పడింది. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది ఒక పరిశోధనపత్రం కాదు.

1974లో ష్నైడర్, స్టాన్‌బ్రిడ్జ్, చార్లెస్ ఎప్‌స్టీన్ తదితరులు 'సైన్స్' పత్రికలో ఒక హెచ్చరిక చేశారు. ఉమ్మనీటి కణవర్ధనాలకు మైకోప్లాస్మా సోకితే, గర్భస్థ శిశువు క్రోమోసోమ్ నిర్ధారణకే ముప్పు రావచ్చునని వారు చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న శిశువుకు లోపం ఉందన్నా, లోపం ఉన్న శిశువు ఫలితం చదవలేనంతగా చెడిపోయినా, ఆ భారం మోసేది తల్లిదండ్రులే.

కాలం కూడా ఇక్కడ శత్రువే. ఉమ్మనీటిని సాధారణంగా 15 లేక 16వ వారం ప్రాంతంలో తీస్తారు. కణాలు పెరగడానికి ఆ రోజులలో రెండు, మూడు వారాలు పట్టేది. మామూలు బాక్టీరియా సోకి వర్ధనం చనిపోతే మళ్లీ సూది గుచ్చి నీరు తీయాలి, మళ్లీ అన్ని వారాలు ఆగాలి. మన దేశంలో 1971 నాటి చట్టం గర్భస్రావానికి 20 వారాల గడువు విధించింది. 2021 సవరణతో కొన్ని వర్గాల స్త్రీలకు అది 24 వారాలకు పెరిగింది. శిశువులో తీవ్రమైన లోపం ఉందని వైద్యమండలి నిర్ధారిస్తే ఆ గడువు వర్తించదు. పాత గడువు ఉన్న రోజులలో ఒక్క పాత్ర చెడిపోతే ఆ కుటుంబానికి నిర్ణయం తీసుకొనే వ్యవధే మిగిలేది కాదు.

దీనికి విరుగుడుగా ఒక మంచి అలవాటు స్థిరపడింది. ఒకే నమూనాను రెండు లేక అంతకంటె ఎక్కువ పాత్రలలో, వీలైతే వేర్వేరు యానకంతో, వేర్వేరు ఇంక్యుబేటర్లలో పెంచుతారు. శిశువుకు నిజంగా ఉన్న లోపం అన్ని పాత్రలలోనూ ఒకే రూపంలో కనిపించాలి. ఒక పాత్రకే పరిమితమైనా, కణానికొక రకంగా చెల్లాచెదరుగా కనిపించినా అనుమానించాలి. రక్తపరీక్షలో ఈ ప్రమాదం తక్కువ; ఎందుకంటే రక్తకణాలను మూడు రోజులు పెంచితే చాలు. పాత్రలో ఎన్ని రోజులుంటే అతిథికి అంత అవకాశం.

ఎక్కడి నుంచి వస్తుంది?

వర్ధనాలలో దొరికిన జాతులను గుర్తిస్తే దారి తెలిసింది. మైకోప్లాస్మా ఒరేల్ మనిషి నోటిలో ఉంటుంది. పిపెట్‌తో ద్రవాన్ని నోటితో పీల్చే అలవాటు, పనిచేస్తూ మాట్లాడటం దానికి రాచబాట. మైకోప్లాస్మా ఆర్జినిని, అకోలిప్లాస్మా లెయిడ్‌లావి పశువుల సీరంతో వస్తాయి. మైకోప్లాస్మా హయోరైనిస్ పందికి చెందినది. కణాలను విడదీయడానికి వాడే ట్రిప్సిన్‌ను పంది క్లోమం నుంచి తీసేవారు. అయితే నేడు ఒక పాత్రకు సోకడానికి ఎక్కువగా కారణమయ్యేది అప్పటికే సోకిన మరో పాత్రే.

ఇది ఎంత సులభమో అమెరికాలో మెక్‌గారిటీ 1976లో చూపాడు. మైకోప్లాస్మా ఉన్న కణాలను శుభ్రమైన గాలి ప్రసరించే పెట్టెలో ఒకసారి మామూలుగా పని ముగించేలా చేయించాడు. తరువాత వెదికితే ఆ జీవి పాత్ర బయట, కణాలను లెక్కించే పలకపైన, పనిచేసిన మనిషిపైన కూడా దొరికింది. పెట్టె అడుగున పడ్డ చుక్కలలో కొన్ని రోజులు బతికే ఉంది. అదే పెట్టెలో వారానికొకసారి పనిచేసిన శుభ్రమైన వర్ధనం ఆరువారాలలో మైలపడింది.

క్రోమోసోముల రంగే పట్టించింది

శత్రువును పట్టడమెలా? మొదటి పద్ధతి అగార్‌పై పెంచడం. పెనంమీద పగలగొట్టి వేసిన గుడ్డులా, నడుమ దట్టంగా, చుట్టూ పలుచగా గుంపులు ఏర్పడతాయి. కాని దీనికి వారాలు పడుతుంది. హయోరైనిస్‌లో కొన్ని రకాలు అగార్‌పై అసలే పెరగవు.

సులభమైన ఉపాయం క్రోమోసోమ్ శాస్త్రం నుంచే వచ్చింది. హెక్స్ట్ 33258 అనే రంగు డి.ఎన్.ఏ.కు అతుక్కొని అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. 1972లో హిల్విగ్, గ్రాప్ దీనిని చిట్టెలుక క్రోమోసోములకు వాడారు. 1977లో టి.ఆర్. చెన్ ఇదే రంగుతో మైకోప్లాస్మాను పట్టవచ్చునని చూపాడు. శుభ్రమైన కణంలో ముఖ్యంగా కేంద్రకం మాత్రమే వెలుగుతుంది, చుట్టూ చీకటి. సోకిన కణంలో ఆ చీకటి అంతా చుక్కలు చుక్కలుగా మిణుకుమంటుంది. తరువాత వచ్చిన పి.సి.ఆర్. పద్ధతి ఒక్కరోజులోనే జవాబు చెబుతుంది.

అయినా సమస్య తీరిపోలేదు. ప్రపంచ శాస్త్రజ్ఞులు అమెరికా ప్రభుత్వ భాండారంలో దాచిన ఆర్.ఎన్.ఏ. సమాచారాన్ని ఇద్దరు పరిశోధకులు వెదికి, 2015లో ఫలితం ప్రకటించారు. పరిశీలించిన పరిశోధనలలో సుమారు 11 శాతంలో మైకోప్లాస్మా జాడలు ఉన్నాయి. మన దేశంలో పుణెలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం పరిశోధకులకు కణశ్రేణులను అందిస్తోంది. అటువంటి నమ్మకమైన చోటు నుంచే కణాలను తెచ్చుకోవడం, కొత్తగా వచ్చిన కణాలను పరీక్ష ముగిసేదాకా విడిగా ఉంచడం, అవసరం లేనిదే యాంటీబయాటిక్ వాడకపోవడం, నోటితో పిపెట్ పీల్చకపోవడం, నెలనెలా పరీక్షించడం: ఇవేవీ ఖరీదైన పనులు కావు. మైకోప్లాస్మాను పోగొట్టే మందులు ఉన్నాయి. కాని ఒకసారి తెగి తప్పుగా అతుక్కొన్న క్రోమోసోమును తిరిగి సరిచేసే మందు లేదు. అందుకే సోకిన పాత్రను నాశనం చేసి, ముందే గడ్డకట్టించి దాచిన శుభ్రమైన కణాలతో మళ్లీ మొదలుపెట్టడమే మేలని అనుభవజ్ఞులు చెబుతారు.

విరిగిన క్రోమోసోము చిత్రాన్ని చూసినప్పుడు ఏ జన్యువు పోయిందని అడగడం సహజం. దానికంటె ముందు ఆ కణాలు ఎన్ని రోజులు ఏ పాత్రలో పెరిగాయి, ఆ పాత్రను ఎవరు, ఎప్పుడు పరీక్షించారు అని అడగాలి. ఈ ప్రశ్న అడిగే అలవాటును వైద్యశాస్త్రానికి నేర్పినది గోడకూడా లేని ఒక బాక్టీరియా.